పాస్ఓవర్ రొట్టెకు 18 నిమిషాల గడువు ఎందుకు?

యూదుల పాస్ఓవర్ పండగకు చేసే మట్జా రొట్టె, పిండిలో నీళ్లు పడిన 18 నిమిషాల్లోపు పూర్తిగా కాలాలి. అంతకుమించి ఊరికే ఉంచితే పిండి పులిసినట్టే లెక్క. పులిసిన పిండితో చేసినదేదీ ఆ పండగ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. ఈజిప్టు నుంచి బయల్దేరిన పూర్వీకులకు పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకపోయిందనడానికి ఇది గుర్తు.

పిల్లలతో చేసేటప్పుడు ఓవెన్ బాగా వేడెక్కాకే నీళ్లు పోయాలి. పెద్దవాళ్లు గబగబా పిసికి ఇస్తే, పిల్లలు పల్చగా ఒత్తి, పొంగకుండా ఫోర్కుతో అంతటా పొడుస్తారు. ఆ చిల్లుల వరసలు వేయడమే వాళ్లకు అసలు సరదా!

ఈస్ట్ వేయకపోతే చాలని చాలామంది అనుకుంటారు. కానీ తడి తగిలిన గోధుమపిండి ఈస్ట్ కలపకపోయినా పులుస్తుంది. అందుకే నియమం గట్టిగా పాటించే ఇళ్లలో పిల్లల రొట్టెలు పండగకు ముందు సరదా వరకే. పండగ తొలి రాత్రి జరిగే సెదర్ విందుకు మాత్రం తడి తగలకుండా కాపాడిన పిండితో చేసినవే పెడతారు.