పాఠకుల ప్రశ్నలు – పోషకాహారం: కూర తూకం పెంచండి

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మేమిద్దరం ఉద్యోగులం. పిల్లలిద్దరు, అత్తగారితో కలిపి ఇంట్లో ఐదుగురం. రోజూ అరకిలో కూరగాయలతో ఒక కూర, దానితోపాటు పప్పో సాంబారో వండుతాను. మావారికి రక్తంలో చక్కెర కొద్దిగా పెరిగిందని, కూరగాయలు ఎక్కువగా తినాలని డాక్టరుగారు చెప్పారు. పొద్దున్నే రెండో కూర వండే తీరిక నాకు లేదు. పిల్లలేమో కూర పక్కకు నెట్టి పచ్చడి, పెరుగుతో ముగిస్తారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రెండో కూర వండనక్కరలేదు, ఉన్న కూరనే ఎక్కువగా వండండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకునేవారికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలను సూచిస్తున్నాయి. మీ అరకిలోను ఐదుగురికి పంచితే మనిషికి 100 గ్రాములే వస్తుంది, తొక్కలూ తొడిమలూ పోతే అదీ మిగలదు. ముందుగా దాన్ని కిలో చేయండి. కిలో బీరకాయ ఉడకడానికి అరకిలో కంటే పెద్దగా ఎక్కువ సమయం పట్టదు, తరగడమే కాస్త పెరుగుతుంది. చిక్కుడు, గోరుచిక్కుడు రాత్రే ఒలిచి పెట్టుకోవచ్చు, ఆ పని మీవారిది, పిల్లలది ఎందుకు కాకూడదు? అయితే తరిగాక కడగవద్దు, నీటిలో కరిగే విటమిన్లు ఆ నీటితోనే పోతాయి.

పప్పు మీకు మంచి అవకాశం. ఐదుగురికి చేసే పప్పులో ఒక చిన్న కట్ట పాలకూర వేస్తే అది రంగుకే తప్ప ఎందుకూ సరిపోదు. తోటకూర, చుక్కకూర, గంగవాయిలికూర ఏదైనా రెండు మూడు కట్టలు వేయండి, దించాక నిమ్మరసం పిండండి. అందులోని విటమిన్ సి వల్ల ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. సాంబారులో నీళ్లకంటే సొరకాయ, గుమ్మడి, మునక్కాడ ముక్కలే ఎక్కువగా కనబడాలి. ఆలుగడ్డను మాత్రం ఈ లెక్కలో వేసుకోకండి, అందులో ఉండేది ప్రధానంగా పిండిపదార్థమే.

మనకు అన్నం ప్రధానం, కూర కలుపుకోవడానికి. మీవారి విషయంలో ఈ అలవాటు మారాలి. ముందు కూర వడ్డించి, అది పెరిగిన మేరకు అన్నం తగ్గించండి. అన్నం తగ్గకుండా కూర మాత్రమే పెరిగితే ఆశించినంత ఫలితం ఉండదు. ఆయన ఇప్పటికే చక్కెర తగ్గించే మాత్రలు వాడుతూ ఉంటే, ఈ మార్పు గురించి డాక్టరుగారికి ముందే చెప్పాలి.

పిల్లలకు పచ్చడి ఇష్టమని మీరే రాశారు కనుక బలవంతం మాని, ఆ ఇష్టాన్నే వాడుకోండి. బీరకాయ, దోసకాయ, సొరకాయ, క్యారెట్‌తో ఉప్పూ నూనే తగ్గించి రోటిపచ్చడి చేస్తే వాళ్లు తినేది కూరగాయే అవుతుంది. నిల్వ పచ్చళ్లకు ఈ మాట వర్తించదు, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ.

మీ అత్తగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నా, మూత్రపిండాల జబ్బు ఉన్నా, ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకుండా వైద్యుల సలహా తీసుకోండి.

ప్రశ్న: నేను ఉదయం నడకకు వెళ్లే పార్కు బయట సొరకాయ రసం అమ్ముతున్నారు. రోజూ తాగితే కూరగాయలు తిన్నట్టేనా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కాదు. వడకట్టినప్పుడు పీచులో చాలా భాగం పిప్పితోపాటు పోతుంది. అంతకంటే ముఖ్యమైనది, చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు ఉంటాయి. ఆ రసం తాగి తీవ్రంగా అస్వస్థులైనవారు, మరణించినవారు కూడా మన దేశంలో ఉన్నారు. ఇంట్లో వండేటప్పుడు కూడా చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి, చేదనిపిస్తే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదు రసం తాగాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.