ఏజెన్సీ ఊళ్ళో పాస్టర్ గారి కుటుంబంగా బతకడం ఎలా ఉంటుంది? మా ఇంటి అనుభవం

ఇద్దరు చిన్నపిల్లలతో పాడేరు వైపు ఓ కొండ ఊళ్ళో సేవకు వెళ్దామనుకుంటున్నాం, అక్కడ కుటుంబ జీవితం ఎలా ఉంటుంది అని అడిగారు. నేను పాస్టర్ని కాను, పాస్టర్ గారి కూతుర్ని. అందుకే పిల్లల వైపు నుంచి, మా అమ్మ వైపు నుంచి చెబుతాను.

1990లో మేం రాజమండ్రి నుంచి బయలుదేరాం. జి.మాడుగుల దాటాక ఉన్న కొండదొర గిరిజనుల ఊరది. అప్పుడు నాకు ఆరేళ్ళు, తమ్ముడికి ఏడాది. బస్సు దిగాక తొమ్మిది కిలోమీటర్లు నడక. నాన్న ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పాటలు పాడుతూ నడిచాడు. అమ్మ చంకలో తమ్ముడు, భుజాన గోనెసంచిలో కుట్టుమిషను తలకాయ. అమ్మ పాడలేదు. 2001 దాకా అక్కడే ఉన్నాం.

ముందు ఇంటి సంగతి. మీది మైదానం కుటుంబమైతే అక్కడ సొంత ఇల్లు అన్న మాట మర్చిపోండి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, గిరిజనేతరుల పేరు మీద సెంటు భూమి కూడా మారదు. అది మంచి చట్టం, నాకేం ఫిర్యాదు లేదు. కానీ దానర్థం ఏమిటంటే, ఊరు ఇచ్చిన ఇంట్లో ఊరు ఉండనిచ్చినంత కాలమే ఉంటారు. మాకు ఓ ముసలామె తన పశువుల పాక ఖాళీ చేసి ఇచ్చింది. అమ్మ ఎర్రమట్టి తెచ్చి మూడుసార్లు అలికినా వానాకాలంలో ఆ పేడ వాసన మళ్ళీ వచ్చేది.

మలేరియా గురించి భయపడుతున్నారు కదా, భయపడాల్సిందే. నాకు ఏడుసార్లు వచ్చింది. ఆ చేదుమాత్ర నాలుక మీద అంటుకోకుండా మింగడం అక్కడి పిల్లలందరికీ వచ్చిన విద్య. దోమతెరలు పట్టుకెళ్ళండి, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి, మాత్రలు మధ్యలో ఆపకండి. వానలకి గెడ్డ (కొండవాగు) పొంగితే రెండు మూడు రోజులు అవతలికి దాటలేం, కాబట్టి ఆ మందులు ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో ఉండేవి, దాంతో అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్ళు. నాన్న ఊళ్ళు తిరుగుతుండేవాడు కాబట్టి లేచేది అమ్మే.

అసలు చిక్కు ఇవేవీ కావు. మాకు వచ్చిన మొదటి పెద్ద గొడవ మాంసం గురించి.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళంతా వేటకి పోతారు, వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ ఏడాది అడవిపంది దొరికింది. ఊరి మధ్య అడ్డాకులు పరిచి, ఎన్ని గడపలుంటే అన్ని కుప్పలు పెట్టారు. వేటకి మనిషిని పంపలేని విధవరాలి ఇంటికీ అంతే కుప్ప. మా గడప కూడా లెక్కలో ఉంది. ఓ కుర్రాడు ఆకు పొట్లం పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. కింద నుంచి రక్తం చుక్కలు కారుతున్నాయి. ఇది దేవతకి పెట్టిందేమో అని నాన్న భయం. చేతులు జోడించి "వద్దు బాబూ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం.

మర్నాటి నుంచి మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. అదే కష్టంగా ఉండేది. అమ్మ ఊటకి వెళ్తే అందరూ బిందెలు పక్కకి జరిపి దారి ఇచ్చేవాళ్ళు, మాట మాత్రం ఉండదు. నాలుగో రోజు ఊరిపెద్ద వచ్చి అరుగు మీద కూర్చుని, చుట్ట వెలిగించి అన్నాడు: "మాంసం వద్దంటే తినకు. వాటా వద్దంటే మాత్రం నువ్వు ఊళ్ళో లేనట్టే లెక్క."

నాన్న రెండు రాత్రులు బైబిల్లో కొరింథీయుల మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం, విగ్రహాలకి పెట్టింది తినొచ్చా అన్న అధ్యాయం, ముందేసుకుని కూర్చున్నాడు. అమ్మ కూర్చోలేదు. ఊరిపెద్ద ఇంటికెళ్ళి అతని భార్యని సూటిగా అడిగింది: "ఏది దేవత రాయి దగ్గర కోస్తారు వదినా, ఏది బయట కోస్తారు?" వేటమాంసం బయటే కోస్తారట. దాంతో మా ఇంటి రూలు తేలిపోయింది. వేటవాటా తీసుకుంటాం, బలివాటా తీసుకోం. ఊరు కూడా ఒప్పుకుంది. తర్వాత విశ్వాసులైన కుటుంబాలూ ఇదే పద్ధతి పట్టాయి. వాళ్ళు పండగ చందా మానేసినప్పుడు మళ్ళీ గొడవైంది. అదే డబ్బు గెడ్డ మీద కర్రల వంతెనకి ఇస్తామన్నాక సర్దుకుంది. మతం మారడం గురించి ఇవాళ టీవీల్లో జరిగే చర్చలు చూస్తే నాకు ఆ ఆకు పొట్లమే గుర్తొస్తుంది. ఎవరిని మొక్కుతున్నావని ఊరు మమ్మల్ని పెద్దగా అడగలేదు, లెక్కలో ఉన్నావా లేదా అని అడిగింది.

(తర్వాతి ఏళ్ళలో నేనూ ఆడపిల్లలతో కలిసి దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ డబ్బులు వసూలు చేశాను. నా వాటా రెండు రూపాయల ముప్పావలా. నాన్న ఆ చిల్లర వైపు చాలాసేపు చూశాడు. అమ్మ పంచదార తెప్పించేసింది.)

భాష గురించి ఒక మాట. మా ఊళ్ళో తెలుగే, యాస తేడా అంతే. పైకొండ మీద సామంతులనే గిరిజనులు కువి భాష మాట్లాడేవారు. సాలూరులో ఉన్న జర్మన్ మిషనరీ షుల్జే 1911లోనే కువి వ్యాకరణం అచ్చు వేయించాడు. మన గిడుగు రామమూర్తి గారు మిషనరీ కూడా కాదు, పర్లాకిమిడిలో మేష్టారు. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. మా నాన్న పదకొండేళ్ళున్నా కువిలో ఒక్క ప్రార్థన చెయ్యలేకపోయాడు, దుబాసీతోనే నెట్టుకొచ్చాడు. ఆయన మీద నాకున్న కోపాల్లో ఇదొకటి. మీరు వెళ్తే మొదటి ఏడాది ప్రసంగం చెయ్యకండి, భాష నేర్చుకోండి.

డబ్బు సంగతి కూడా తేల్చుకుని వెళ్ళండి. నాన్నని పంపిన సంస్థ నెలనెలా మనియార్డరు పంపేది. దానికి రిపోర్టు రాయాలి, అందులో "ఈ నెల బాప్తిస్మాలు" అని ఓ గడి. నాన్న చాలా నెలలు సున్నా వేసేవాడు, అబద్ధం రాయలేక. ఓసారి ఏడు నెలలు డబ్బు రాలేదు. ఆ ఏడు నెలలూ అమ్మ సంతలో జాకెట్లు, పసిపిల్లల టోపీలు కుట్టి అమ్మింది. ఊరివాళ్ళు చోళ్ళు (రాగులు), సామలు తెచ్చి పోశారు. చోడి అంబలి మీద బతికాం. రిపోర్టులో రాయడానికి దానికి గడి లేదు.

భయపడ్డ రోజు ఒకటుంది. 1999 జనవరి 22 రాత్రి ఒరిస్సాలో, మనోహర్‌పూర్ అనే ఊళ్ళో, జీపులో నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఇద్దరు కొడుకుల్ని తగలబెట్టారు. పెద్దవాడికి పదేళ్ళు, చిన్నవాడికి ఆరు. రేడియోలో విన్నాక అమ్మ నిద్రపోతున్న తమ్ముడి పక్కన కూర్చుని లేవలేదు. వాడికీ పదేళ్ళే. మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆ వారం రోజులూ ఊరి కుర్రాళ్ళు నలుగురు మా అరుగు మీద పడుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ఒక్క ఆదివారం కూడా ఆరాధనకి రాని వాళ్ళు.

ఇక పిల్లల చదువు. నన్ను తొమ్మిదో ఏట విశాఖలో హాస్టల్లో వేశారు. సెలవులకి ఇంటికి వస్తే నా కొత్త యాస విని ఊళ్ళో స్నేహితులు నవ్వేవాళ్ళు, హాస్టల్లో నా పాత యాస విని అక్కడి పిల్లలు నవ్వేవాళ్ళు. పదమూడో ఏట వచ్చేసరికి నాతో ఊటకి వచ్చే పిల్లకి పెళ్ళయిపోయింది. దేవుని పని కోసం పిల్లల్ని వదులుకున్నామని నాన్న సాక్ష్యంలో చెప్పేవాడు. నన్నెవరూ అడగలేదు. మీ పిల్లల్ని పదేళ్ళ లోపు దూరం పంపాల్సివస్తే, నా మాట విని, వెళ్ళకండి. లేదా వాళ్ళు పెద్దయ్యాక వెళ్ళండి. ఇప్పుడు రోడ్లు వేశారు, ఫోన్లున్నాయి, చాలా ఊళ్ళకి మాకంటే తేలిక. తొమ్మిదేళ్ళ పిల్లకి తల్లి దగ్గర లేకపోవడం మాత్రం ఏ రోడ్డు వేసినా తేలిక కాదు.

నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మ ఇప్పుడు రాజమండ్రిలో ఫ్లాటులో ఉంటుంది. కోతలయ్యాక ఆ ఊరి నుంచి ఇప్పటికీ ఎవరో ఒకరు బస్సులో మూట వేస్తారు: కందులు, పసుపు, రెండు కొండచీపుర్లు. మొన్న వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. అమ్మ వరండాలో పాత పేపర్లు పరిచి, మా అంతస్తులో ఎన్ని గుమ్మాలున్నాయో లెక్కపెట్టి, అన్ని కుప్పలు పోసింది.