కానుక సంచి తిరిగిన తర్వాతే అసలు పని మొదలవుతుంది

వందనాలు. మీ ప్రశ్నలో రెండు సంగతులు ఉన్నాయి. ఏటా ఒక ఆదివారం క్రైస్తవ గృహనిర్వాహకత్వం (దేవుడిచ్చినవాటిని బాధ్యతగా వాడటం) మీద ప్రసంగం వింటున్నామని, అది బైబిలులోని మలాకీ మూడో అధ్యాయంతో మొదలై దశమభాగం (ఆదాయంలో పదో వంతు) దగ్గర ముగుస్తుందని, మిగతా వారాల్లో సంఘంగా ఏమి చేయాలో తెలియడం లేదని రాశారు. కొత్తగా పాస్టరేట్ (ఒక పాస్టరు కింద ఉండే సంఘాల గుంపు) కమిటీలోకి వచ్చిన మీరు, జీతం చాలక అప్పుల్లో ఉన్న కుటుంబాలను కానుక ఎలా అడగాలని కూడా అడిగారు.

నేను ఖమ్మం జిల్లాలో ఒక సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పాస్టరేట్‌కు కొన్నేళ్లు కోశాధికారిగా పనిచేశాను. పట్టణంలో ఒక గుడి, చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న సంఘాలు. అక్కడి అనుభవంతో చెబుతున్నాను: ఇవ్వమని అడిగే ముందు, ఇదివరకు ఇచ్చింది ఏమైందో సంఘానికి చెప్పండి. లూకా 16లో యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి మొదట అడిగింది లెక్కే. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగైన చందా విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీ 8లో చూడండి. తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి కూడా పంపాడు. అంత పెద్ద మొత్తం గురించి తమ మీద ఎవరూ తప్పు మోపకూడదన్నదే కారణమని తానే రాశాడు. పౌలంతటివాడు అంత జాగ్రత్తపడ్డప్పుడు, కమిటీ సభ్యులు "మమ్మల్ని నమ్మరా?" అని నొచ్చుకోవడంలో అర్థం లేదు.

మా గుడిలో ఆరాధన ముగిశాక కానుకలు లెక్కపెట్టే బల్ల చుట్టూ ఏమి జరిగేదో చెబుతాను. బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి, వెస్ట్రీ (గుడి పక్క గది) తలుపు తెరిచి ఉండాలి. కూలి పనికి వెళ్లే ఆడవాళ్లు చీర కొంగున ముడివేసి తెచ్చిన పదులు, ఇరవైలు చెమటకు తడిసి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి పరిచేవాళ్లం. నాణేలు వేరే. వాటిని పక్కనే ఉన్న కిరాణా కొట్టాయన చిల్లర కోసం తీసుకుని నోట్లు ఇచ్చేవారు. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఇద్దరూ సంతకం చేశాకే డబ్బు నా చేతికి వచ్చేది. ఆ రిజిస్టరులోని మొత్తమే సోమవారం బ్యాంకు చలానాలో కనిపించాలి. మధ్యలో "అర్జంటుగా కరెంటు బిల్లు కట్టేశాం" అంటూ అందులోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదు. ఖర్చు వేరు, జమ వేరు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

నెలకోసారి, ప్రకటనల సమయంలో, ఆ నెల జమా ఖర్చులు చదివి నోటీసు బోర్డుకు అతికించేవాళ్లం. మొదట్లో పెద్దలు కొందరికి ఇది నచ్చలేదు. సంఘం గుట్టు బయటపడుతుందని వాళ్ల భయం. బయటపడింది మాత్రం కరెంటు బిల్లు. అంత బిల్లు ఎందుకు వస్తోందని వెనక బెంచీలో కూర్చునే ఒక ఎలక్ట్రీషియన్ తమ్ముడు లేచి అడిగాడు. తర్వాతి శనివారం తనే వచ్చి పాత వైరింగు చూసి, పాడైపోయిన తీగలు మార్చాడు. కూలి తీసుకోలేదు. అతను అంతకుముందు ఏ కమిటీలోనూ లేడు, అతన్ని ఏ పనీ అడిగినవారు లేరు. లెక్క చదివారు కాబట్టి సంఘం అవసరం అతనికి తెలిసింది, తన చేతిలోని పని ఆ అవసరానికి పనికొస్తుందనీ తెలిసింది. పొందిన వరాన్ని ఒకరికొకరు ఉపచారం చేయడానికి వాడాలని 1 పేతురు 4 చెప్పేది ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు ఫోనులో పంపే కానుకల గురించి. మీ గుడి స్తంభానికి క్యూఆర్ కోడ్ అతికించి ఉంటే, అది ఎవరి ఖాతాకు వెళ్తోందో ఈ వారమే చూడండి. సౌకర్యం కోసం ఒక సభ్యుడి సొంత నంబరు పెట్టిన చోట్లు నేను చూశాను. ఆ మనిషి ఎంత మంచివాడైనా అది అతని మెడకు అనవసరమైన భారమే. సంఘం పేరున ఉన్న ఖాతాకే కోడ్ ఉండాలి, నెల చివర ఆ స్టేట్‌మెంటు రిజిస్టరుతో సరిచూడాలి. విదేశాల్లోని బంధువులు పైకప్పుకో మైకు సెట్టుకో పంపుతామన్నా తొందరపడకండి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపితే మాత్రం వస్తుంది, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలాంటి డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. కాబట్టి డయోసిస్ (బిషప్ పరిధి) కార్యాలయాన్ని అడిగాకే మాట ఇవ్వండి.

ఇక అప్పుల్లో ఉన్న కుటుంబాల సంగతి. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. వాళ్లను కానుక కోసం ఒత్తిడి చేయకూడదు. కొర్బాన్, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసింది మానేసిన వాళ్లను యేసు ఎంత కఠినంగా మందలించాడో మార్కు 7లో ఉంది. మనస్సు సిద్ధంగా ఉంటే, ఉన్నదాన్ని బట్టి ఇచ్చిందే దేవునికి ప్రీతికరమని, లేనిదాన్ని బట్టి కాదని పౌలు 2 కొరింథీ 8లోనే చెప్పాడు. మా సంఘంలో ఒక అక్క కూతురి ఆపరేషను కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. అది తీరకముందే, పంట కానుకలు అర్పించే కోత పండుగకు ఒట్టి చేతులతో రాలేనని మరో అప్పు చేసింది. సంగతి తెలిసి పాస్టరు అయ్యగారి భార్య (మేం అమ్మగారు అని పిలుస్తాం) ఆమె ఇంటికి వెళ్లి కూర్చున్నారు. కానుక మాట ఎత్తలేదు. వడ్డీ ఎంత అవుతోందో కాగితం మీద వేసి చూపించారు. సంఘంలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉంటే ఆయన్ని తీసుకెళ్లారు. ఆమె పొదుపు సంఘం ద్వారా బ్యాంకు రుణం ఇప్పించి పాత అప్పు తీర్పించారు. ఆ కుటుంబం తేరుకున్నాక ఎవరూ అడగకుండానే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవ్వకపోయినా ఆ పని చేసి తీరవలసిందే.

పేదవాళ్లు అసలు ఇవ్వనక్కర్లేదని మాత్రం నేను అనను. ఆ మాట వాళ్ల గౌరవాన్ని తగ్గిస్తుంది. మా ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లలో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు ఉన్నారు. 1903లో వాళ్లు పెట్టుకున్న మిషనరీ సంఘం తమ సొంత కానుకలతో డోర్నకల్ ప్రాంతంలో పని మొదలుపెట్టింది. అక్కడికి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. కూలి చేసుకుని బతికే మాల, మాదిగ విశ్వాసులు కూడా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని ఆయన పట్టుపట్టారు. డబ్బు లేనివాళ్లు ధాన్యం, కోళ్లు, ఒంటి చాకిరీ ఇచ్చారు. ఇచ్చినవాడికి సంఘంలో మాట్లాడే హక్కు వస్తుంది. ఎప్పుడూ పుచ్చుకునే చోట నిలబెడితే ఆ హక్కు రాదు.

గుప్పెడు బియ్యం అలవాటు నాకు ఇష్టమయ్యేది అందుకే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తేవడం. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి ఇలాగే చేస్తున్నారు, అక్కడి సంఘ ఆదాయంలో దానిది పెద్ద వాటా. మా సంఘంలోని స్త్రీల సమాజమైన స్త్రీల మైత్రి దీన్ని చిన్నగానే నడిపింది కానీ ఓపికగా నడిపింది. అప్పట్లో రేషనులో వచ్చే దొడ్డు బియ్యం, సన్నబియ్యం కలిస్తే ఒకటి ఉడికేలోపు ఇంకొకటి మెత్తబడిపోతుంది. అందుకని రెండు డ్రమ్ములు పెట్టారు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేశారు. ఆ బియ్యం అమ్మలేదు. మంచాన పడ్డ వృద్ధుల ఇళ్లకు పంపారు, పట్టుకెళ్లినవాళ్లు కాసేపు కూర్చుని ప్రార్థన చేసి వచ్చేవారు. ఎవరు ఎన్ని గుప్పెళ్లు వేశారో రాసే పుస్తకం ఉండేది కాదు. అది ఉండకూడదు కూడా. సంఘానికి వచ్చిన మొత్తం లెక్క అందరికీ తెలియాలి, ఒక్కొక్కరు ఎంత ఇచ్చారన్నది వేదిక మీద చదవకూడదు. ఈ రెండూ మీ కమిటీ తీర్మానాల పుస్తకంలో రాసి పెట్టుకోండి.

కోత పండుగలో కానుకగా వచ్చిన వస్తువుల వేలం పాట గురించి కూడా అడుగుతారని ఊహిస్తున్నాను. దాన్ని ఆపమని చెప్పను. ఒక ముసలమ్మ తన పెరట్లో కాసిన గుమ్మడికాయ తెస్తే, పాడుకున్నవాళ్లు మళ్లీ పాటకే ఇచ్చి, అది చేతులు మారుతూ పోవడం నేను చూశాను. ఆమె ముఖంలోని సంతోషం చూడవలసిందే. కానీ ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి పాట పెంచడం మొదలుపెడితే, నడిపించేవాడు అక్కడే ఆపి తర్వాతి వస్తువు ఎత్తాలి. పాడుకుని డబ్బు కట్టని బకాయిలు మరుసటి పండుగ దాకా సాగదీయకూడదు.

ఆస్తుల సంగతి క్లుప్తంగా. సి.ఎస్.ఐ. ఆస్తులు ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి కాబట్టి అమ్మడం, లీజుకివ్వడం మీ కమిటీ చేతిలో లేదు. కాపాడటం మాత్రం మీ పనే. కాగితాల నకళ్లు తెప్పించుకోండి, హద్దురాళ్ల ఫోటోలు తీయించండి. సమాధుల తోట నవంబరులో సమాధుల పండుగ ముందు ఒక్కసారి శుభ్రం చేసి వదిలేస్తే ఏడాది పొడవునా ఆక్రమణకు తలుపు తెరిచినట్టే. యువజనులకు మూడు నెలలకోసారి ఆ బాధ్యత అప్పగించండి, భోజనం సంఘం పెట్టాలి.

ఒక జాగ్రత్త. సేవ చేసేవాళ్లు ఎప్పుడూ ఆ నలుగురే అయితే వాళ్లు అలసిపోతారు, తర్వాత చేదెక్కుతారు. గుడి తుడిచే అమ్మ, మైకు సర్దే తమ్ముడు, సండే స్కూలు టీచరు, వీళ్లకు ఏడాదిలో కొన్ని వారాలైనా విరామం ఇవ్వండి. వాళ్ల స్థానంలో ఎవరూ రాకపోతే ఆ వారం ఆ పని ఆగిపోయినా ఫర్వాలేదు, సంఘానికి లోటు కనిపించాలి.

అన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. వచ్చే కమిటీ సమావేశంలో లెక్కపెట్టే ఇద్దరి పేర్లు, నెలవారీ లెక్క చదివే ఆదివారం, ఈ రెండే తీర్మానం చేయించండి. రిజిస్టరులో తేదీ, ఆరాధన, సంచి కానుక, కవర్ల కానుక, కృతజ్ఞతార్పణలు, ఫోను ద్వారా వచ్చినది, మొత్తం, ఇద్దరి సంతకాలు, బ్యాంకులో వేసిన తేదీ, చలానా నంబరు, ఇన్ని గడులు గీస్తే చాలు. ఊళ్లలోని చిన్న సంఘాలకు కూడా ఇదే పుస్తకం ఒక్కొక్కటి ఇవ్వండి. అక్కడ లెక్కపెట్టేవాళ్లలో ఒకరు స్త్రీ అయ్యేలా చూడండి.