స్లో స్క్రూ తిప్పే ముందు

అమ్మలూ,

పాత స్ప్లెండర్ కొన్నావట. స్లో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, నిలబడక సిగ్నల్ దగ్గర ఆగిపోతోందట. మెకానిక్ వద్దు, నేనే సరిచేసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు గ్రీజు పూసుకున్నాను, మన ఇంట్లో స్పానర్ పట్టిన పిల్లవి నువ్వే. మురిసిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ ముందు చూసుకో. పది నిమిషాలు బండి నడిపి, ఇంజన్ వేడెక్కాక సెంటర్ స్టాండ్ వెయ్యి. చల్లటి ఇంజన్ మీద సరిచేస్తే వేడెక్కాక అరుస్తుంది. షట్టర్ దించిన గదిలో వద్దు తల్లీ, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే చిన్న ఆర్‌పీఎం మీటర్ దొరుకుతుంది, ప్లగ్ వైరుకి చుట్టాలి. 1,400, వంద అటూ ఇటూ రావాలి. 2,800 చూపిస్తే కంగారుపడకు. నీ బండి ప్లగ్ ప్రతి చుట్టుకీ మెరుస్తుంది, మీటర్ రెండు చుట్లకి ఒకటని లెక్కేస్తుంటుంది. దాని సెట్టింగ్ మార్చు. కార్బురేటర్ మీద స్లో పెంచి తగ్గించే స్క్రూ పావు చుట్టు చొప్పునే తిప్పు, తిప్పాక ఒకసారి రేజ్ చేసి వదిలి చూడు.

ఇక మీ అమ్మ ఎడమ మణికట్టు సంగతి. ఆ వంకర నా చేతి చలవే. 1996లో మీ నాన్న బండి ఇలాగే ఆగిపోతుంటే ట్యాంక్ విప్పి పని చేశాను. తిరిగి బిగించేటప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ ఎటు పోయిందో చూడలేదు. స్లో కాస్త పెంచి, వినడానికి బాగుందని ఇచ్చేశాను. బందరు రోడ్డులో బావ హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పాడు. కేబుల్ బిగుసుకుని ఇంజన్ దానంతటదే లేచింది. బండి ముందుకి దూకింది, వెనక కూర్చున్న మీ అమ్మ చెయ్యి కింద పెట్టింది. బావ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నిలబెట్టిన బండి మీద హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే ఆ రోజే తెలిసేది. అరనిమిషం పని! అందుకే స్క్రూ ముట్టుకునే ముందొకసారి, తర్వాతొకసారి తిప్పి చూడు. శబ్దం మారితే తప్పు కేబుల్‌ది, స్క్రూది కాదు. యాక్సిలరేటర్‌లో రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల ఆట, అంటే కేబుల్ లాగడం మొదలయ్యేలోపు ఉత్తినే తిరిగే వదులు, ఉండాలి.

ఆదివారం చేస్తావుగా? తిప్పేటప్పుడు ఫోన్ ఇంజన్ పక్కన పెట్టు, నేను వింటాను. మీ అమ్మ లేనప్పుడు చెయ్యి.

మావయ్య