మక్కలు ఒలిచే మిషన్ ఫ్రేమ్ వంకరపోయింది, రిపోర్టు ఎలా రాయాలి?: సమాధానం

తమ్ముడూ, వెల్డింగ్ అయ్యాక ఫ్రేమ్ వంకరపోయి షాఫ్ట్ చేత్తో కూడా తిరగట్లేదన్నావు. పైగా ప్రాజెక్టు రిపోర్టులో 'ఏం నేర్చుకున్నాం' పేజీ ఖాళీగా ఉందన్నావు. ఆ వంకర ఫ్రేమే నీ పేజీ నింపుతుంది.

హన్మకొండలో చదివేటప్పుడు మాదీ ఇదే కథ. ఒక మూలన మొదలుపెట్టి వరసగా ఫుల్ వెల్డ్ కొట్టేశాం. వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైపును తనవైపు లాగుతుంది. అలా కాకుండా ముందు అన్ని మూలలకూ చిన్న చుక్కల్లాంటి వెల్డ్‌లు, అంటే టాక్‌లు వేసి, రెండు కర్ణాలూ టేపుతో కొలిచి, సమానంగా వస్తేనే ఫుల్ వెల్డ్. అదీ ఒక మూల తర్వాత ఎదురు మూల.

ఇప్పుడు ఫ్రేమంతా కోయకు. మోటార్ బెల్టు తీసేసి, బేరింగ్ బోల్టులు వదులు చేసి షాఫ్ట్ తిప్పు. తేలిగ్గా తిరిగితే తప్పు అలైన్‌మెంట్‌దే, అంటే బేరింగులు ఒకే గీతలో లేవు. యూసీపీ 204 లాంటి పిల్లో బ్లాక్ (ఫ్రేమ్‌కు బోల్టులతో బిగించే, లోపల బేరింగ్ ఉన్న దిమ్మ) అయితే కొద్దిపాటి వంపును అదే సర్దుకుంటుంది. ఎత్తు తేడాకు కింద రేకు ముక్క పెట్టు, పక్క తేడాకు ఫ్రేమ్ రంధ్రాన్ని ఆకురాయితో కాస్త పొడవు చెయ్యి. బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ తిప్పి చూడు. కర్ణాల తేడా మరీ ఎక్కువుంటేనే ఆ ఒక్క మూల గ్రైండర్‌తో కోసి మళ్లీ టాక్ వెయ్యి.

రిపోర్టులో 'టీమ్ వర్క్ నేర్చుకున్నాం' అని రాయకు, అందరూ అదే రాస్తారు. సరిచేయకముందు కర్ణాల కొలతలు, తర్వాతి కొలతలు, రేకు మందం, మళ్లీ చేస్తే ఏ వరసలో వెల్డ్ చేస్తారో రాయి. వంకర ఫ్రేమ్ ఫోటో ఇవాళే తీసి పెట్టుకో, రేపు దొరకదు.