సీజింగ్ బండ్ల పాటకు వెళ్లబోయే అల్లుడికి

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కావలిలో పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీ పెట్టాలనుకుంటున్నావని, మొదటి సరుకు కోసం చెన్నై యార్డులో సీజింగ్ బండ్ల (కిస్తీలు కట్టక ఫైనాన్స్ వాళ్లు పట్టుకున్న బండ్ల) వేలానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ బావ కూడా పాత స్విఫ్ట్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్త కారు తీసుకుంటాడట. చాలా సంతోషం. ఈ వ్యాపారం నాకు అన్నం పెట్టింది. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు కాబట్టి రాస్తున్నాను. వేలానికి వెళ్లే ముందు ఇంకోసారి చదువుకో.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు బండి చూసి మోజు పడతారు, రికార్డు (బండి కాగితాలు) తర్వాత చూసుకోవచ్చులే అంటారు. నువ్వు రికార్డు చూశాకే బండి చూడు. బండిలో లోపానికి మెకానిక్ ఉన్నాడు, దానికో రేటుంది. రికార్డులో లోపం ఉంటే ఎంత డబ్బు పెట్టినా బండి కదలదు. నెలల తరబడి ఎండలో నిలబడుతుంది, టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ పోతుంది, నీ వడ్డీ మాత్రం ఆగదు.

సీజింగ్ బండి సంగతే తీసుకో. కిస్తీలు కట్టలేకపోయిన మనిషి దగ్గర ఫైనాన్స్ వాళ్లు బండి తీసుకుపోతారు. ఆ బాధలో ఉన్న మనిషి సీ బుక్కు, అదే ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం), ఇవ్వడు, రెండో తాళం ఇవ్వడు. అందుకని చట్టంలోనే దారి పెట్టారు. ఫైనాన్స్ కంపెనీ ఆర్టీవో దగ్గర ఫారం 36 పెట్టి తన పేరు మీద కొత్త ఆర్‌సీ తీసుకోవచ్చు. ఆ లోపు పాత ఓనరుకు నోటీసు వెళ్తుంది. తర్వాత కంపెనీ పేరు నుంచి కొన్నవాడి పేరుకు మారాలి. అంటే రెండు మెట్లు. వేలం జాబితాలో ప్రతి బండి పక్కన ఆర్‌సీ ఉందో లేదో రాస్తారు. లేదని ఉంటే, ఈ రెండు మెట్లలో ఏది ఎవరు చేయాలో, ఎన్ని రోజుల్లో కాగితాలు చేతికిస్తారో మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకో. యార్డు మేనేజర్ నోటిమాట రేపు ఎందుకూ పనికిరాదు. మొదటి ఏడాది ఆర్‌సీ చేతిలో ఉన్న బండ్లకే పాట పాడమని నా గట్టి సలహా. అవి కొంచెం ఎక్కువకు పోతాయి, పోనీ.

బండి నంబరు దొరకగానే ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో కొట్టు. ఏ కంపెనీకి తాకట్టులో ఉంది, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, బ్లాక్‌లిస్టులో ఉందా, చలానాలు ఎన్ని అన్నవి ఇంట్లో కూర్చునే తెలుస్తాయి. యార్డులో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు నీ కళ్లతో చూసి కాగితంతో పోల్చు. తుప్పు పట్టి కనబడట్లేదు అంటే ఆ బండి వదిలెయ్.

ఇక వేలం షరతులు. అన్నిటికంటే పైన ఉండేది 'ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే' అన్న మాట. స్టార్ట్ చేసి వినడానికి ఒప్పుకోవచ్చు, రోడ్డు మీద నడపనివ్వరు. పాట పాడాక గేర్‌బాక్స్ పోయిందని తెలిసినా అది నీ నెత్తినే. ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో రైతు తన బేలుకు పలికిన ధర నచ్చకపోతే వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఇక్కడా ఆ వెసులుబాటు అమ్మేవాడికే. నువ్వే పెద్ద పాట పాడినా, బ్యాంకు ఒప్పుకునేదాకా బండి నీది కాదు, నువ్వు ముందుగా కట్టిన ధరావత్తు (డిపాజిట్) మాత్రం వాళ్ల దగ్గర ఇరుక్కుని ఉంటుంది. ఒప్పుకున్నాక నువ్వు వెనక్కి తగ్గితే ధరావత్తు పోతుంది. పాట ధర మీద కొనుగోలుదారు ఫీజు, దాని మీద జీఎస్టీ వేస్తారు. గడువులోగా బండి తీయకపోతే యార్డు అద్దె రోజువారీగా పడుతుంది. ఇవన్నీ షరతుల కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఓపిగ్గా చదువు.

ఎక్కడ ఆగాలో ఇంట్లోనే రాసుకుని వెళ్లాలి. ఒక లెక్క చూపిస్తాను. కావలిలో ఒక బండి 4,50,000కి అమ్ముడవుతుందనుకో. టైర్లు, బ్యాటరీ, టింకరింగ్, పెయింటుకు 40,000. వేలం ఫీజు 12,000. చలానాలు, కాగితాల ఖర్చు 15,000. తీసుకురావడానికి 8,000. మూడు నెలలు అమ్ముడుపోకపోతే వడ్డీ 15,000. నీకు మిగలాల్సింది 35,000. ఇవన్నీ తీసేస్తే 3,25,000. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. నువ్వు జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద 18 శాతం పన్ను ఉంది. 2025 జనవరి నుంచి చిన్నా పెద్దా అన్ని పాత కార్లకూ అదే రేటు. రిపేరుకు పెట్టిన 40,000 ఆ తేడాలోంచి తగ్గదు. కాబట్టి పన్నుకు ఇంకో 23,000 దాకా పక్కన పెట్టి, 3,00,000 దగ్గర ఆగాలి. పాటలో ఎదుటివాడు 3,05,000 అన్నప్పుడు 'ఐదు వేలే కదా' అనిపిస్తుంది. ఆ ఐదు వేలు నీ లాభంలోంచే పోతాయి అబ్బయా. ఆన్‌లైన్ పాటలో ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. చివరి నిమిషంలో గడియారం పొడిగిస్తూ పోతారు, వేలు దానంతట అదే నొక్కేస్తుంది. రాసుకున్న అంకె రాగానే ఫోన్ పక్కన పెట్టి లేచిపో.

నువ్వు లెక్కలో వాడే అమ్మకం ధర కూడా ఇవాళ్టిదై ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదానికి పాత రేటు ఎవరిస్తారు? నెల్లూరు మినీ బైపాస్‌లో, ఒంగోలు కర్నూలు రోడ్డులో అదే మోడల్, అదే ఏడాది బండి ఇప్పుడు ఎంతకు పోతోందో ఇద్దరు ముగ్గురిని అడుగు. అడిగిన రేటు కాదు, చేతులు మారిన రేటు తెలుసుకో.

చెన్నై బండి అంటే నాకు అన్నిటికంటే భయం నీళ్లు. 2015 డిసెంబర్‌లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు అక్కడ వేల కార్లు మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగాయి. మనం ఆ రెండు ఊళ్లకూ మధ్యలో ఉన్నాం, హైవే ఒక్కటే. మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి, అత్తరు కొట్టి తెస్తే చూడటానికి పెళ్లికొచ్చినట్టుంటుంది. ఆరు నెలల తర్వాత వైరింగు లోపల పచ్చ చిలుము పట్టి ఒక్కొక్కటీ చచ్చిపోతుంది. నువ్వు ఇలా చూడు. సీటు బెల్టును చివరిదాకా లాగు. ఎవరూ అంత దూరం లాగి కడగరు, బురద గీత అక్కడ దొరుకుతుంది. సీటు పట్టాల బోల్టులు, కాళ్ల దగ్గర కార్పెట్ కింద, స్టెప్నీ గుంటలో తుప్పు చూడు. ఫ్యూజ్ బాక్స్ మూత తీసి లోపల మన్ను ఉందేమో చూడు. హెడ్‌లైటు లోపల నీటి చార ఉందా? పదేళ్ల బండికి లోపల బట్టంతా కొత్తగా ఉంటే ఎందుకని అడుగు. అద్దాలు మూసి పది నిమిషాలు ఏసీ వేసి వాసన పట్టు. వీటిలో రెండు తేడాగా కనిపించినా వదిలేసి రా, ఎంత చవకైనా సరే.

మన దగ్గరి బండ్లకు మన దగ్గరి జబ్బులు ఉంటాయి. కొత్తపట్నం, మైపాడు వైపు తిరిగినవాటికి, రొయ్యల చెరువుల గట్ల మీద మేత మోసినవాటికి ఉప్పుగాలి అడుగు భాగాన్ని తినేస్తుంది. పైకి పెయింటు మెరుస్తుంటుంది, లిఫ్ట్ ఎక్కిస్తేగానీ తెలియదు. చీమకుర్తి క్వారీల దగ్గర తిరిగిన బండికి రాతి దుమ్ము ఇంజిన్ మీద పని చేసి ఉంటుంది.

మిగతా మెకానిక్ పరీక్షలు నీకు తెలిసినవే. రెండే చెబుతాను. తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. టైరు మీద చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. మీటరులో ముప్పై వేలే తిరిగిందంటూ మూడోసారి వేసిన టైర్లు కనిపిస్తే మీటరు తిప్పారని అర్థం.

పాత ఇన్సూరెన్సు పాలసీ కాగితం దొరికితే వదలకు. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడు. ఏటా క్లెయిమ్ లేకపోతే ప్రీమియంలో తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతూ వస్తుంది. ఒకే ఓనరు దగ్గరున్న ఆరేళ్ల బండికి సున్నా అని ఉంటే ఈ మధ్యే క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. ఏ గుద్దుడుకు, ఎంత మొత్తానికి అని అడుగు. ఆ బోనస్ మనిషికి చెందింది, బండికి కాదు. ఆ సంగతి బావకు కూడా చెప్పు, మళ్లీ కింద వస్తుంది.

ఇన్సూరెన్సు కంపెనీలు వేలం వేసే టోటల్ లాస్ బండ్ల జోలికి ఇప్పుడే పోవద్దు. రిపేరు ఖర్చు బండి ఇన్సూరెన్సు విలువలో 75 శాతం దాటితే అలా తేలుస్తారు. ఆ బండ్ల కాగితాలు కొని, దొంగ బండ్లకు ఆ నంబర్లు కొట్టే ముఠాలు ఉన్నాయి. నువ్వు అమాయకంగా కొని అమ్మినా పోలీసులు ముందు నీ షాపుకే వస్తారు. ఢిల్లీ డీజిల్ బండ్ల మీద కూడా ఆశ పడకు. పదేళ్లు దాటిన డీజిల్ మీద అక్కడ ఆంక్షలు వచ్చాయి కాబట్టి చవకగా వస్తాయి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే కాగితం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు అన్నీ కలుపుకున్నాక చవక ఎంత మిగిలిందో చూడు. తమిళనాడు నంబరుకూ ఇదే లెక్క. పైన నేను వేసిన 3,00,000లో ఆ ట్యాక్స్ లేదు, అది కూడా తీసెయ్.

ఇప్పుడు బావ స్విఫ్ట్ సంగతి. షోరూంలోకి వెళ్లగానే పాత కారు మాట ఎత్తొద్దని చెప్పు. ముందు కొత్త కారు ఆన్‌రోడ్ ధర, డిస్కౌంటు, యాక్సెసరీస్ అన్నీ కాగితం మీద రాయించాలి. ఆ తర్వాతే పాత కారు రేటు అడగాలి. రెండూ కలిపి మాట్లాడితే ఇక్కడ పెంచినట్టు చూపించి అక్కడ కోస్తారు. ఎక్స్ఛేంజ్ బోనస్‌ను విడిగా రాయించాలి. అది కొత్త కారు అమ్మకం కోసం ఇచ్చేది, పాత కారు ధరలో భాగం కాదు. వెళ్లే ముందు బయట ఇద్దరు కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర రేటు తెలుసుకుంటే, బోనస్ కలిపాక ఏది లాభమో తేలుతుంది. తేడా పది వేల లోపు అయితే షోరూంకే ఇవ్వమను, రికార్డు పని తేలిక.

అక్కడ చాలామంది ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి వచ్చేస్తారు. షోరూం వాళ్లు ఆ బండిని ఒక బ్రోకరుకు ఇస్తారు, అతను ఇంకొకడికి ఇస్తాడు, సీ బుక్కులో మాత్రం బావ పేరే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: యాక్సిడెంట్ జరిగిన రోజు రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే పరిహారం బాధ్యత ఆ ఓనరుదే, బండి ఎప్పుడో అమ్మేశానన్నా కుదరదు. ఆ కేసులో బండి చాలా చేతులు మారింది, ఇన్సూరెన్సు కూడా లేదు. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. కాబట్టి ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే బావ సంతకం పెట్టాలి. బండి ఇచ్చిన తేదీ, టైము, కిలోమీటర్లు రాసిన డెలివరీ కాగితం స్టాంపుతో తీసుకోవాలి. ఫాస్టాగ్ మూయించాలి. పాత పాలసీ మీద నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారు ఇన్సూరెన్సులో సొంత డ్యామేజీ ప్రీమియం ఆ శాతం తగ్గుతుంది. లోన్ తీరినా సీ బుక్కులో బ్యాంకు పేరు ఉందేమో ముందే చూడాలి. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో అది తీయించాలి.

రేపు నీ షాపుకు బండి అమ్మేవాడు కూడా బావ లాంటివాడే కదా. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీవో ఆథరైజేషన్ రూలు వచ్చింది. అది తీసుకుని, బండి నీ దగ్గరికి రాగానే ఆ సంగతి ఆర్టీవోకు తెలిపే ఫారం 29సీ పెడితే, అమ్మేదాకా ఓనరువి నువ్వే అవుతావు, ఇచ్చినవాడికి బాధ్యత పోతుంది. ట్రయల్‌కు, రిపేరుకు తప్ప ఆ బండిని రోడ్డు మీద సొంతానికి తిప్పకూడదు. ఊళ్లో ఇంకా చాలామంది ఇది లేకుండానే నడుపుతున్నారు, నిజమే. నువ్వు తీసుకుని, ఆ కాగితం షాపు గోడకు తగిలించు. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్లకు దాన్ని చూపించి చెప్పు.

వేలం జాబితా రాగానే నీకు నచ్చిన నాలుగైదు నంబర్లు, ఆర్‌సీ ఉందో లేదో రాసి నాకు వాట్సాప్‌లో పంపు. చూసి ఎంతకు ఆగాలో చెబుతాను. బండ్లు చూపించే రోజు మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు. టార్చి, జంపర్ కేబుళ్లు మరచిపోవద్దు. యార్డు బండ్లలో చాలావాటికి బ్యాటరీ పనిచేయదు. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది. మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు.

మామయ్య