మంచు పడని అడవిలో మంచు యుగం ముద్ర

“మంచు యుగంలో మంచంతా ధ్రువాల వైపు పేరుకుంది కదా, ఎప్పుడూ వెచ్చగా ఉండే వర్షారణ్యాల చెట్ల జన్యువుల మీద దాని ప్రభావం ఏముంటుంది?” అని అడిగారు. చాలా ఉంటుంది. రెండేళ్లు ఒక ల్యాబ్‌లో కూర్చుని ఆ చెట్ల ఆకులు నూరి డీఎన్‌ఏ తీశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

వర్షారణ్యం మొదటి నుంచీ ఇలాగే ఉందని చాలామంది నమ్మకం. డాక్యుమెంటరీల్లో “కాలం తాకని అడవి” అన్న మాట వినబడితే నాకు ఒళ్లు మండుతుంది. సుమారు 21 వేల ఏళ్ల క్రితం, మంచు యుగం బాగా ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 190 పీపీఎం (గాలి పది లక్షల భాగాల్లో 190) దరిదాపుల్లోనే ఉండేది. ఇప్పుడది 420 దాటింది. ఉష్ణమండలంలో చలి పెరిగింది, చాలాచోట్ల వానలు తగ్గాయి. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే చెట్టుకు తిండి తయారుచేసుకోవడం కష్టం. వేడి ప్రాంతాల గడ్డి మాత్రం ఆ కొరతను బాగా తట్టుకుంటుంది. అలా అడవి తగ్గిన చోట్లకు గడ్డి వచ్చి చేరింది. నీలగిరుల పీట్ నేలల్లోని (సగం కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న నేలలు) కార్బన్‌ను పరీక్షించి పర్యావరణ శాస్త్రవేత్త రామన్ సుకుమార్ బృందం 1993లో ప్రచురించిన ఫలితాల్లోనూ ఆ కాలంలో గడ్డి పైచేయి కనిపిస్తుంది.

ఇక నా సంగతి. ముప్పై మీటర్ల చెట్టు నుంచి నాలుగు ఆకులు కోయడమే ఒక యజ్ఞం. పెద్ద ఉండేలుతో తాడు విసిరి కొమ్మను లాగాలి. ఒక్కోసారి ఒకే చెట్టు దగ్గర సగం రోజు గడిచిపోయేది. అప్పటికీ అందకపోతే బెరడులో రూపాయి బిళ్లంత ముక్క తీసుకునేవాళ్లం. వాటిని సిలికా జెల్‌లో ఎండబెట్టి, కల్వంలో లిక్విడ్ నైట్రోజన్ పోసి నూరితే మెత్తటి పొడి వచ్చేది. చివర్లో ఆల్కహాల్ కలిపినప్పుడు డీఎన్‌ఏ తెల్లటి దారాల్లా తేలాలి. నాకేమో గోధుమరంగు బంక వచ్చేది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి ఆ ఆకులు టానిన్లు, జిగురు అంతలా దాచుకుంటాయి మరి. వారాల తరబడి అదే బంక. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. పొడిని ముందుగా సార్బిటాల్ ద్రావణంతో కడగమని ఒక సీనియర్ అక్క చెప్పింది. ఆ రోజు ట్యూబులో తెల్లటి పోగు మెల్లగా చుట్టుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత కొన్ని నెలలకు డీఎన్‌ఏ వరుసలు, అంటే A, T, G, C అనే నాలుగు అక్షరాలు ఏ క్రమంలో ఉన్నాయో ఆ జాబితాలు, చేతికొచ్చాయి. ఒక కొండ మీది చెట్లన్నిటిలో ఒకే అక్షరాలు. లోయకు అవతలి కొండ మీద అదే జాతి, అదే ఆకు, అదే బెరడు, కానీ కొన్ని చోట్ల అక్షరాలు వేరు. ఆ రెండు కొండల మధ్య దూరం ఒక పూట నడక, అంతే.

మేం చూసింది క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ, అంటే ఆకు కణాల్లో తిండి తయారుచేసే పచ్చటి భాగాల్లోని డీఎన్‌ఏ. చాలా పూల చెట్లలో అది తల్లి నుంచే వస్తుంది, అంటే విత్తనం ఎంత దూరం వెళితే అదీ అంతే దూరం వెళుతుంది. బరువైన విత్తనమైతే తల్లి చెట్టు కిందే రాలుతుంది. ఒక తరానికి వందేళ్లు వేసుకున్నా 21 వేల ఏళ్లంటే రెండు వందల పది తరాలు. అంత తక్కువ తరాల్లో పాత గుర్తులు ఎలా చెరిగిపోతాయి? అడవి ముక్కలైనప్పుడు ఏ ముక్కలో మిగిలిన చెట్ల రకాలు ఆ ముక్కలోనే ఉండిపోయాయి. వానలు తిరిగొచ్చాక పైన పచ్చదనం కలిసిపోయింది గానీ లోపలి తేడాలు అలాగే నిలిచాయి.

మధ్య ఆఫ్రికాలో ఇది ఇంకా స్పష్టం. అక్కడ చాలా చెట్ల జాతుల్లో భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవి, దక్షిణాన ఉన్నవి జన్యుపరంగా వేరు. మధ్యలో అడ్డంగా కొండ లేదు. అక్కడ అటూ ఇటూ వానాకాలాలు తారుమారుగా వస్తాయి, దాంతో పూత కాలాలు కలవవు అని ఒక వివరణ. పాత ఎడబాటును అదే నిలబెట్టి ఉంటుందని నా నమ్మకం. గాబన్‌లో ప్లైవుడ్‌కు వాడే ఒకూమే చెట్లు కూడా ఇలాగే వేర్వేరు జన్యు గుంపులుగా ఉన్నాయి.

అలాగని అన్నీ చివరి మంచు యుగానికే అంటగట్టకండి. అమెజాన్ అంతా గడ్డిమైదానమై అడవి దీవుల్లా మిగిలిందని 1969లో పక్షి శాస్త్రవేత్త హాఫర్ అక్కడి పక్షులను చూసి ఊహించాడు. అమెజాన్‌లోని పాటా సరస్సు అడుగున దొరికిన పాత పుప్పొడి చూపించి, అక్కడ అడవి నిలిచే ఉందని పర్యావరణ శాస్త్రవేత్త కోలిన్వో బృందం 1996లో వాదించింది. నా ఓటు పుప్పొడికే. పైగా చల్లటి కాలాలు సుమారు లక్ష ఏళ్లకోసారి చొప్పున చాలాసార్లు వచ్చిపోయాయి, కొన్ని చీలికలు అంతకంటే పాతవి.

నాకు అసలు బాధ వేరే ఉంది. ఇంత చరిత్ర ఉన్న కొండల మీద ఎక్కడివో మొక్కలు తెచ్చి నాటి, లెక్క చెప్పుకుంటున్నారు. ఒక నాటే కార్యక్రమంలో విత్తనం ఎక్కడిదని అడిగాను. “ఎక్కడిదైతే ఏంటి మేడమ్, జాతి ఒకటే కదా” అన్నారు. అన్నీ రోడ్డు పక్క ఒకే చెట్టు కింద ఏరినవట, అంటే అన్నీ తోబుట్టువులే. ఫోన్‌లో ఆ రెండు వరుసల ఫొటో తీసి చూపించాను. అప్పటికే మొక్కలు సంచుల్లో చిగురేసి ఉన్నాయి, పీకేయమనడానికి నోరు రాలేదు. వచ్చే ఏడాదికైనా కనీసం ముప్పై తల్లి చెట్ల కింద, అదీ ఆ కొండ మీదివే, విత్తనాలు ఏరమని చెప్పి వచ్చాను.